సూటిగా వేసిన ప్లేట్లు

తుపాకి ముట్టుకోవద్దు. ఆ తోటలో చేరిన మొదటి రోజు గజేందర్‌కు చెప్పిన మాట అదే. తూటాల డబ్బా మోయొచ్చు, పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరొచ్చు, ప్లేట్లు వెయ్యొచ్చు. తుపాకి మాత్రం యజమానిది, ఆయన కొడుకులది. ఇంకొకరి చెయ్యి దాని మీద పడితే లేనిపోని తలనొప్పి అని పెద్దాయనే నెమ్మదిగా చెప్పాడు. గజేందర్ తల ఊపాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా దాటలేదు.

ఖతార్‌లో అల్ షహానియా దాటి, ఒంటెల కొట్టాలు అయిపోయి, తారు రోడ్డు కూడా అయిపోయిన చోట ఉంటుంది ఆ తోట. ఖర్జూర చెట్ల వరస, పశువుల మేతకు వేసిన జొన్న, వచ్చినవాళ్ళను కూచోబెట్టే మజ్లిస్ హాలు, పనివాళ్ళకు రెండు గదులు. వెనకాల ఇసుకను కట్టలా ఎత్తుగా పోయించి, కావలసిన అనుమతులు తెచ్చుకుని, పెద్దాయన సొంతానికి ఒక షూటింగ్ రేంజ్ పెట్టించుకున్నాడు. ఆయన పేరు అబూ ముబారక్. పనివాళ్ళందరికీ బాబా.

ప్లేట్లంటే అన్నం తినేవి కావు. అరచేయంత మట్టి బిళ్ళలు, నారింజ రంగువి. గుంతలో ఉన్న మిషన్ వాటిని గాలిలోకి విసురుతుంది. అది పిట్ట అనుకుని కొట్టాలి. తగిలితే పొగలా విడిపోతుంది. తగలకపోతే పోయి ఇసుకలో పడుతుంది. బాబా "యల్లా", అంటే కానియ్, అనగానే వెనక నిలబడ్డ గజేందర్ చేతిలో బటన్ నొక్కుతాడు. అంతే పని. చూసేవాడికి ఇదీ ఒక ఉద్యోగమేనా అనిపిస్తుంది. గజేందర్‌కు కూడా మొదట్లో అలాగే అనిపించింది. మెట్‌పల్లి దగ్గరి తన ఊళ్ళో ఈ సంగతి చెప్తే, దుబాయ్‌ల ముసలోనికి బిళ్ళలు ఇసిరే కొలువు అని నవ్వుకున్నారు. గల్ఫ్ అంతా వాళ్ళకు దుబాయే.

గజేందర్ ఖతార్‌కు వచ్చింది బిల్డింగు పనికి. ఆ కంపెనీ పని ఆగిపోయి క్యాంపు ఖాళీ చేయించినప్పుడు, ఎవరో చెప్తే ఈ తోటకు వచ్చాడు. వచ్చిన మొదటి ఎండాకాలమే జొన్నలో కలుపు తీస్తూ కుప్పకూలిపోయాడు. కళ్ళు తెరిచేసరికి మజ్లిస్‌లో ఉన్నాడు. పనివాళ్ళు చెప్పులు విప్పి కూడా లోపలికి రాని హాలు అది. మెత్తటి తివాచీ మీద, ఏసీ కింద, తన మట్టి బట్టలతో పడుకుని ఉన్నాడు. పక్కన పెద్దాయన మోకాళ్ళ మీద కూచుని, తన తలపాగా గుడ్డనే తడిపి అతని మెడ మీద అద్దుతున్నాడు. గజేందర్ లేవబోతే ఒక్క చేత్తో ఛాతీ మీద నొక్కి మళ్ళీ పడుకోబెట్టాడు. కన్నతండ్రి కూడా తనను అలా ముట్టుకున్న గుర్తు లేదు గజేందర్‌కు. ఆ రోజు నుంచి ఆ ముసలాయన కోసం ఏం చెయ్యమన్నా చేసేలా తయారయ్యాడు. చెయ్యమననివి కూడా చేసేలా.

అక్కడే వచ్చింది చిక్కు.

పోయిన ఎండాకాలం బాబాకు పక్షవాతం వచ్చింది. పెద్దది కాదు. ఆస్పత్రిలో కొన్నాళ్ళుండి తన కాళ్ళ మీద నడిచే ఇంటికొచ్చాడు. మాట బాగుంది, చేతులు బాగున్నాయి. బలం పోలేదు. కానీ కొడుకులు భయపడ్డారు. పెద్ద కొడుకు ముబారక్ దోహాలో ఆఫీసు చూసుకుంటాడు. వారం వారం వచ్చి తండ్రి పక్కన కూచుని, ఇక తుపాకి వద్దని మర్యాదగా, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చలికాలం మొదట్లో జొన్న గింజ పట్టే వేళకు గువ్వలు దిగుతాయి. అప్పుడు అన్నదమ్ములు, కొడుకులు అందరూ తోటలో చేరి ఒక రోజు వేటాడటం ఆ ఇంటి ఆనవాయితీ. పెద్దాయన పదేళ్ళ పిల్లవాడిగా తన తండ్రి వెనక తూటాల సంచి మోసిన నాటి నుంచి అది తప్పలేదు. ఆ రోజు తనను ఊరికే కుర్చీలో కూచోబెడతారన్న మాట ఆయనకు పక్షవాతం కన్నా ఎక్కువ తగిలింది.

చివరికి తండ్రీకొడుకులు ఒక మాట మీదికి వచ్చారు. వేటకు ముందు ముబారక్ వచ్చి రేంజ్‌లో చూస్తాడు. తండ్రి బాగా కొడితే సరే, తుపాకి పట్టుకుంటాడు. కొట్టకపోతే మళ్ళీ ఆ ప్రస్తావన లేదు.

బాబా రోజూ సాయంత్రం ప్రాక్టీసు మొదలుపెట్టాడు. మొదటి సాయంత్రమే గజేందర్‌కు విషయం అర్థమైంది.

ఆ మిషన్ తల అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ప్లేటు ఒకసారి సూటిగా పోతుంది, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. ఎటు పోతుందో ముందు ఎవరికీ తెలియదు. ఆ రోజు సూటిగా పోయినవీ కుడికి పోయినవీ బాబా పగలగొట్టాడు. ఎడమకు పోయిన వాటికి అసలు పేల్చనే లేదు. తుపాకి భుజానికి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపాగి, "వెయ్యలేదేం?" అన్నాడు.

వేశానని చెప్పబోయి గజేందర్ ఆగిపోయాడు. మిషన్ ఇరుక్కుంది బాబా, అన్నాడు.

రెండో రోజూ అంతే. ఎడమకు పోయిన ప్లేటు ఆ మనిషికి లేనే లేదు. టీ గ్లాసు ఎడమ పక్కన పెడితే దాన్ని వెతుక్కుంటున్నాడని, తలుపు ఎడమ రెక్కకు భుజం తగిలించుకుంటున్నాడని గజేందర్ అప్పుడు గమనించాడు. డాక్టర్లు చెప్పారో లేదో, చెప్తే ఈయన దాచుకున్నాడో, పనివాడికి ఎలా తెలుస్తుంది? అడిగే చనువూ లేదు. తెలిసింది ఒక్కటే. ప్రతిసారీ "మిషన్ ఇరుక్కుంది" అంటుంటే ఆయన ముఖం పాలిపోతోంది. ఆయనకు అనుమానం మిషన్ మీద కాదు, తన మీదే.

మిషన్ అడుగున ఒక ఇనుప పిన్ను ఉంది. అది తోస్తే తల తిరగడం ఆగిపోతుంది. ప్లేటు ప్రతిసారీ ఒకే దారిన, కళ్ళకెదురుగా, సూటిగా పోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లల కోసం పెట్టిన ఏర్పాటు. మూడో రోజు ప్లేట్లు నింపడానికి గుంతలోకి దిగినప్పుడు గజేందర్ ఆ పిన్ను తోసి వచ్చాడు.

ఆ సాయంత్రం బాబా ఒక్కటి వదల్లేదు. ప్రతి ప్లేటు పొగలా లేచింది. తుపాకి దించి, వెనక్కి తిరిగి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. గజేందర్‌కు కడుపు నిండింది.

ఇదంతా చూసిన వాడు ఇంకొకడున్నాడు. జియావుద్దీన్. బోధన్ మనిషి, బాబా డ్రైవరు. తెలుగులో తిట్టి ఉర్దూలో సముదాయించే రకం. కారు నీడలో కూచుని సిగరెట్టు కాలుస్తూ అన్నీ గమనిస్తాడు. ఆ రోజు బాబా లోపలికి పోయాక గుంత దగ్గరికి వచ్చి వంగి చూసి, పిన్ను వైపు వేలు పెట్టి చూపించాడు.

"క్యా భాయ్, ఇది నువ్వు చేసిందేనా?"

గజేందర్ వంగి ఖాళీ గొట్టాలు ఏరుతున్నాడు.

"ముసలోడు ఖుష్, నువ్వు ఖుష్. మంచిదే. గువ్వలకు ఎవడు పెడతడు పిన్ను?"

కొడుకు చూసి పోయేదాకానే అన్నాడు గజేందర్. ఆ తర్వాత తీసేస్తా. వేటలో ఎంతమంది ఉంటారు, చుట్టూ కొడుకులు, తమ్ముళ్ళు. ఆయన రెండు తూటాలు పేల్చి తృప్తి పడతాడు. ఒక రోజు ముచ్చట. దానికింత రాద్ధాంతం ఎందుకు?

జియావుద్దీన్ సిగరెట్టు ఇసుకలో గుచ్చి లేచాడు. తను చూసినంతలో మనిషి ఇక్కడ ఏది చేస్తే అక్కడా అదే చేస్తాడన్నాడు. కొత్త డ్రైవర్లు ఖాళీ గ్రౌండులో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంటారు, సర్కిల్‌లోకి రాగానే పక్క అద్దం చూడరు, ఎందుకంటే గ్రౌండులో పక్కన ఎవడూ లేడు. చెప్పి నవ్వాడు. గజేందర్ నవ్వలేదు. అలా అని పిన్నూ తియ్యలేదు.

ఆ వారం ఫోన్లో భార్య స్వర్ణకు కూడా చెప్పాడు, అసలు విషయం కొంచెం దాచి. పెద్దాయనకు సరిగ్గా కనపడటం లేదని, తను కాస్త సాయం చేస్తున్నానని. స్వర్ణ వెంటనే అంది, "ముసలాయన మంచోడే గదా. సంతోషపెడితే నీ సొమ్మేం పోతది?" తను వినాలనుకున్న మాట అదే కాబట్టి గజేందర్ అక్కడితో ఫోన్ పెట్టేశాడు.

ముబారక్ వచ్చాడు. అతని చిన్నాన్న, బాబా తమ్ముడు, కూడా వచ్చాడు. కుర్చీలు వేయించుకుని, కాఫీ తాగుతూ చూశారు. బాబా నిలబడ్డ తీరే మారిపోయింది. కాళ్ళు సరిగ్గా పెట్టి, తుపాకి ముందే భుజానికి ఆనించి, చెంప తుపాకి కొయ్యకు తగిలించి, తుపాకి గొట్టం ప్లేటు లేచే చోటికి గురిపెట్టి అప్పుడు "యల్లా" అంటాడు. ప్లేటు లేస్తుంది, పగులుతుంది. మళ్ళీ "యల్లా". ప్రతి ప్లేటూ ముందటి ప్లేటు పోయిన దారినే పోతోందని కుర్చీలో కూచున్న వాళ్ళు కనిపెట్టలేదు. కనిపెట్టాలని రాలేదు కూడా. తండ్రి బాగున్నాడని చూడటానికి వచ్చారు. అదే చూశారు. ముబారక్ లేచి వచ్చి తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పోతూ పోతూ గజేందర్ భుజం కూడా తట్టాడు.

పిన్ను తియ్యాలని గజేందర్ అనుకున్నాడు. వేటకు ఇంకా కొన్ని రోజులున్నాయి. తీస్తే మళ్ళీ ఆ పాలిపోయిన ముఖం చూడాలి. రేపు తీద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు.

వేట శుక్రవారం, మధ్యాహ్నం నమాజు, భోజనాలు అయ్యాక. పద్ధతి ఏంటంటే, తుపాకులు పట్టుకున్న వాళ్ళు జొన్న ఈ చివర దూరం దూరంగా నిలబడతారు. పనివాళ్ళు ఆ చివరి నుంచి డబ్బాలు వాయిస్తూ వరసగా నడిచి వస్తారు. గువ్వలు లేచి ఇటు వస్తాయి. ఖర్జూర చెట్ల తలల కన్నా పైన ఎగిరే పిట్టనే కొట్టాలి. కింద ఎగిరేదాన్ని వదిలెయ్యాలి, ఎందుకంటే దాని వెనక మనుషులున్నారు. ఇది ఆ ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పే పని లేదు. బాబానే అందరికీ నేర్పాడు.

పక్క తోటల నుంచి కూడా మనుషులు వచ్చారు. జియావుద్దీన్ జొన్నలో నడవనన్నాడు. డ్రైవరు ప్యాంటుకు ఒక మర్యాద ఉంటదని చెప్పి, ఖర్జూర చెట్ల వెంట, శుభ్రమైన బాట మీద నడిచే చోటు పట్టుకున్నాడు. అది వరసకు ఒక కొస. ఇటు నిలబడ్డ బాబాకు ఎడమ వైపు.

గజేందర్ తూటాల డబ్బాతో బాబా వెనకాల నిలబడ్డాడు.

డబ్బాల మోత మొదలైంది. గువ్వలు లేచాయి. రేంజ్‌లో ఉన్నదేదీ ఇక్కడ లేదు. "యల్లా" అనే వాడు లేడు. ఎప్పుడు లేస్తాయో తెలియదు. ఒకటి లేచి పక్కకు కొట్టుకుపోతుంది, ఇంకోటి నెత్తి మీదికి వచ్చేదాకా కనపడదు. బాబా తుపాకి భుజానికి పెట్టుకునే నిలబడ్డాడు, ప్లేటు కోసం నిలబడ్డట్టు. చూపు ఒక్క చోటే ఉంది. పిట్టలు ఆ చోటికి రాలేదు. రెండుసార్లు పేల్చాడు, రెండూ పిట్ట పోయాక వెనక గాలిలోకే. ఒక్కటి మాత్రం సూటిగా ఎదురొచ్చింది. దాన్ని కొట్టాడు. తెల్లటి ఈకలు గాలిలో తేలాయి. దూరం నుంచి తమ్ముడు చెయ్యెత్తి అభినందించాడు. బాబా తల ఎత్తుకుని నిలబడ్డాడు. గజేందర్ ఒక అడుగు ముందుకు జరిగాడు.

నడిచేవాళ్ళు దగ్గరికి వచ్చేశారు. జొన్నలో మనుషుల తలలు కనిపిస్తున్నాయి. అందరికన్నా ముందుగా, బాట మీద కాబట్టి తొందరగా, జియావుద్దీన్ చెట్ల పక్కన వచ్చేశాడు. అప్పుడు లేచింది ఒక గువ్వ. ఛాతీ ఎత్తులో, ఎదురుగా లేచి, ఎడమకు వంగి, చెట్ల వరస వైపు పోయింది.

బాబా తుపాకి గొట్టం దాని వెంట తిరిగింది. ఆగాల్సిన చోట ఆగలేదు. ఆగుతుందని గజేందర్ ఒక క్షణం చూశాడు. ఆ మనిషికి అక్కడ చెట్లు లేవు, బాట లేదు, జియా లేడు. ఉన్నది పిట్ట ఒక్కటే, అదీ తప్పించుకుపోతున్న పిట్ట.

గజేందర్ డబ్బా వదిలేసి ముంజేత్తో గొట్టాన్ని కింది నుంచి పైకి కొట్టాడు.

తుపాకి పేలింది. ఖర్జూరపు మట్టలు చీలి, ఎండిన ఆకులు, దుమ్ము జియావుద్దీన్ నెత్తి మీద రాలాయి. అతను కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. డబ్బాల మోత ఒక్కసారిగా ఆగిపోయింది.

ముందు వచ్చింది ముబారక్. పరుగున వచ్చి గజేందర్ చొక్కా పట్టుకుని గుంజాడు. తండ్రి తుపాకిని పనివాడు కొట్టడం ఒక్కటే అతను చూశాడు. చిన్నాన్న వచ్చాడు, మిగతా కొడుకులు వచ్చారు. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. జియావుద్దీన్ లేచి, కాళ్ళు తడబడుతూ వచ్చి, బాబాకు ఎడమ పక్కన నిలబడ్డాడు. జుట్టు నిండా దుమ్ము. అయినా గజేందర్ వైపు చూసి, అక్కడ ఇంకెవరికీ రాని తెలుగులో గబగబా అన్నాడు:

"కాలు జారిందని చెప్పు. గంతే. నాకేం గాలే. ఎవనికేం తెల్వది."

చెప్తే సరిపోయేది. కాలు జారింది బాబా అంటే, తిట్టి వదిలేసేవాళ్ళు. కానీ గజేందర్ కళ్ళు బాబా చేతుల మీద ఉన్నాయి. ముసలాయన ఈ గొడవంతా పట్టించుకోకుండా, తుపాకిని మధ్యలో మడిచి తెరిచి, పేలిన తూటా గొట్టం తీసేసి, జేబులోంచి కొత్త తూటా తీసి పెడుతున్నాడు. రెండో జొన్న మడి ఇంకా మిగిలే ఉంది. మనుషులు మళ్ళీ ఆ చివరికి నడవాలి.

"బాబా," అన్నాడు గజేందర్. వాళ్ళిద్దరి మధ్య నడిచేది సగం అరబ్బీ, సగం హిందీ. ఆ వచ్చిన మాటల్లోనే చెప్పాడు. "మీకు ఎడమ పక్క కనపడదు. నాకు తెలుసు. రేంజ్‌లో మిషన్ తల నేనే కట్టేసిన. ప్లేట్లన్నీ నేనే సూటిగా వేసిన."

ముబారక్ చెయ్యి చొక్కా మీద వదులైంది.

బాబా తూటా పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. "ఎప్పటి నుంచి?" అన్నాడు.

"ప్రాక్టీసు మొదలైన మూడో రోజు నుంచి."

"మొన్న వీళ్ళు చూసినప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

ఆయన ఆ తూటాను మళ్ళీ జేబులో వేసుకున్నాడు. గాలికి జొన్న ఆకులు రాసుకుంటున్నాయి. తర్వాత, "జియా ఎక్కడ? తగిలిందా అతనికి?" అన్నాడు.

జియావుద్దీన్ ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాడు. ఎడమ భుజం పక్కనే. "ఇక్కడే ఉన్న బాబా," అన్నాడు. గొంతు వినిపించిన వైపు ముసలాయన మెడంతా, ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చింది. అప్పుడు గానీ అతను కనపడలేదు. అది తమ్ముడు చూశాడు, కొడుకులు చూశారు, నడిచే పనివాళ్ళూ చూశారు. ఇక ఎవరూ ఎవరికీ చెప్పే అవసరం లేకపోయింది.

బాబా జియావుద్దీన్ జుట్టులోంచి ఒక ఎండుటాకు తీసి కింద వేశాడు. తుపాకిని తెరిచింది తెరిచినట్టే ముబారక్ చేతిలో పెట్టాడు. మజ్లిస్ వైపు నడిచాడు. దారిలో ఎడమ పక్కన పడి ఉన్న డబ్బా కాలికి తగిలి తూలాడు. పట్టుకోవడానికి గజేందర్ కదిలాడు. ముబారక్ అడ్డం చెయ్యి పెట్టాడు.

మరునాడు ముబారక్ సామాను సర్దుకోమన్నాడు. గజేందర్ సర్దుకున్నాడు. బట్టలు, దుప్పటి, స్వర్ణ పంపిన కారం డబ్బా. మధ్యాహ్నానికి జియావుద్దీన్ వచ్చి, గజేందర్ ఎక్కడికీ పోడని బాబా అన్నట్టు చెప్పాడు. అంతకు మించి ఏమీ అనలేదట. జియావుద్దీన్ మంచం అంచున కూచున్నాడు. తనకు రోజూ కనిపించే చెట్లను ఇప్పుడు లెక్కపెట్టినట్టు చూస్తున్నానని చెప్పాడు. నువ్వు ఆ పిన్ను ఒక్క రోజు ముందు తీసి ఉంటే అన్నాడు, పూర్తి చెయ్యలేదు. గజేందర్ ఆ మాటకు తల వంచుకున్నాడు.

పెద్దాయన గజేందర్‌తో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, పని మార్చలేదు. ఎదురుపడితే సలాం అందుకునేవాడు, అంతే. గజేందర్ జొన్న కోశాడు, బోరు చూశాడు, పశువులకు మేత వేశాడు. రేంజ్ వైపు ఎవరూ పోలేదు. ఇసుక ఎగిరి వచ్చి గుంతలో సగం నిండింది.

చలి ముదిరాక ఒక సాయంత్రం కార్లు వచ్చాయి. కొడుకులందరూ దిగారు. బాబా కర్ర పట్టుకుని ముందు నడిచి రేంజ్‌లో కుర్చీ వేయించుకున్నాడు. గజేందర్‌ను పిలిచి గుంత శుభ్రం చెయ్యమన్నాడు. "పిన్ను తీసెయ్," అన్నాడు. ఆ తర్వాత సున్నం తెప్పించి, ప్లేట్లలో కొన్నిటికి తెల్లగా పూయమన్నాడు. నారింజవి కొట్టాలి. తెల్లవి కొట్టకూడదు. తెల్లది మనిషి.

కొడుకులు నవ్వారు. తమకు ఇది చిన్నప్పటి ఆటన్నారు. మొదట ముబారక్ నిలబడ్డాడు. తుపాకి భుజానికి ఆనించబోతే తండ్రి కర్రతో కిందికి చూపించాడు. నడుము దగ్గర పట్టుకో. నిలబడకు, నడువు. "యల్లా" అనకు. గజేందర్ తనకు ఇష్టం వచ్చినప్పుడు నొక్కుతాడు. పిట్ట నిన్ను అడిగి లేస్తుందా?

గజేందర్ నొక్కాడు. కొడుకులు బాగా కొట్టేవాళ్ళే. దోహాలో క్లబ్బులకు పోయేవాళ్ళు. అయినా ఆ సాయంత్రం సగం ప్లేట్లు ఇసుకలో పడ్డాయి. తుపాకి భుజానికి చేరేలోపే ప్లేటు పోయేది. కాలు తిరగకుండా నడుము మాత్రం తిప్పితే గొట్టం వెనకబడేది. కానీ తండ్రి చూస్తున్నది అది కాదు. తెల్లది లేచినప్పుడల్లా చూస్తున్నాడు. ముబారక్ మొదటి తెల్లదాన్ని పగలగొట్టాడు. రెండోదాన్నీ పగలగొట్టాడు. చిన్నవాడూ అంతే.

"మీ చేతులకు కొట్టడం వచ్చింది," అన్నాడు పెద్దాయన. "నా చేతులకూ వచ్చింది. ఆగడం రాలేదు. ఆగడం అక్కడికి పోయాక నేర్చుకునేది కాదు."

అప్పుడు చాలా రోజుల తర్వాత గజేందర్ వైపు తిరిగాడు. ఒళ్ళంతా తిప్పి చూశాడు. "నువ్వు నా మీద జాలిపడ్డావు. నాకు తెలుసు, అందుకే కోపం రాలేదు. ఇక పడకు. వీళ్ళ మీద కూడా పడకు."

గజేందర్ పడలేదు. అప్పటి నుంచి కొడుకులు వచ్చిన ప్రతిసారీ మిషన్ ఎలా విసిరితే అలా విసరనిచ్చాడు. కొన్నిసార్లు ముబారక్ విసుగొచ్చి తుపాకి కింద పెట్టేవాడు. గజేందర్ బటన్ పట్టుకుని అతను మళ్ళీ ఎత్తేదాకా ఊరికే నిలబడేవాడు. ఒకటి మాత్రం జరిగింది. మెల్లగా, తెల్ల ప్లేట్లు పగలకుండా ఇసుకలో పడటం మొదలైంది. లేచిన గొట్టం సగంలో ఆగి, దిగేది. మొదట తెల్లది కనబడ్డాక ఆగేది. తర్వాత తర్వాత ప్లేటు ఏ రంగుదో, ఎటు పోతుందో చూడకుండా లేచేదే కాదు.

ఆలస్యంగా వేసిన మడిలో జొన్న మళ్ళీ గింజ పట్టింది. ఆ ఏడాది వేట సగంలో ఆగిపోయింది కదా, పూర్తి చేద్దామన్నాడు బాబా. అందరినీ పిలిచాడు. ఈసారి కొడుకులు తుపాకులతో ఆ చివర నిలబడ్డారు. కుర్చీ వేశారు. బాబా కూచోలేదు. ఒంటి మీది పొడుగు తెల్ల అంగీ అంచు పైకి కట్టుకుని, ఒక ఖాళీ నూనె డబ్బా, కర్ర పట్టుకుని, పనివాళ్ళతో కలిసి జొన్న ఈ చివరికి నడిచాడు.

ముబారక్ వెంటపడ్డాడు. నలుగురూ ఏమనుకుంటారని, ఇంటి పెద్ద పనివాళ్ళ వరసలో డబ్బా వాయించడమేంటని, చేతులు పట్టుకున్నాడు. చిన్నాన్నా వచ్చి చెప్పాడు. వాళ్ళు చెప్పినంతసేపు ముసలాయన విన్నాడు.

"నా తుపాకి ముందు వీళ్ళు నడిచారు," అన్నాడు. "మీ తుపాకుల ముందు నేను నడుస్తాను. వెనక్కి పొండి."

పోయారు. ఏం చెయ్యాలో తెలియక పోయారు.

వరసలో చెట్ల పక్కన కొస చోటు జియావుద్దీన్‌ది. ఈసారి ప్యాంటు మర్యాద గురించి మాట్లాడలేదు. జొన్న లోపలికే, గజేందర్‌కు అవతల నిలబడ్డాడు. బాబా ఆ కొస చోటులో నిలబడ్డాడు, ఆయన కుడి పక్కన గజేందర్. మోత మొదలైంది. అందరూ కదిలారు. జొన్న నడుం దాకా ఉంది. ముసలాయన నెమ్మదిగా నడుస్తాడు కాబట్టి వరస అంతా నెమ్మదిగా నడిచింది. గువ్వలు లేచి పైకి పోయాయి. అటు నుంచి తుపాకులు పేలాయి. రెండు పిట్టలు ముందు చేలో పడ్డాయి.

సగం దాటాక, చెట్ల మొదట్లోంచి ఒక గువ్వ లేచింది. పైకి పోలేదు. ఛాతీ ఎత్తులో, బాబాకు ఎడమ పక్కగా, ఇటు తిరిగి వరస మీదుగా వెనక్కి పోయింది. గజేందర్ డబ్బా వాయించడం ఆపేశాడు. చేను అవతల ముబారక్ తుపాకి లేవడం స్పష్టంగా కనిపించింది. సగం లేచింది. అక్కడే ఆగింది. గొట్టం ఆకాశం వైపు తిరిగి, మెల్లగా భుజం మీదికి వాలింది.

తుపాకి పేలలేదు. రెక్కల చప్పుడు మాత్రం దగ్గరగా వినిపించి పోయింది.

బాబా నడక ఆపి చెవి ఒగ్గాడు. "ఏదో పోయింది," అన్నాడు.

"పోయింది బాబా."

"ఎడమ పక్కనా?"

"ఎడమ పక్కనే. మీ భుజం దగ్గరి నుంచే."

"ముబారక్ చూశాడా?"

"చూసిండు," అన్నాడు గజేందర్. "తుపాకి ఎత్తి దించిండు."

ముసలాయన కాసేపు అటే తిరిగి నిలబడ్డాడు, తనకు కనపడని వైపుకు. తర్వాత డబ్బా ఎత్తి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.